షేడక్క దాచిన పుండు

అద్దకపు మిల్లులో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్లు లేరు. షేడక్క అంటేనే పలుకుతుంది. తొట్టిలోంచి తీసి ఆరబెట్టిన తానులో ఓ ముక్క కత్తిరించి తెస్తే, కొనేవాళ్లు పంపిన నమూనా పక్కన పెట్టి రెండు రంగులూ ఒకే షేడా కాదా అని తేల్చడం ఆమె పని. కిటికీ వెలుగులో ఓసారి, దీపాల పెట్టెలో ఓసారి, మళ్లీ కిటికీ దగ్గర ఓసారి చూస్తుంది. ఎరుపు ఓ పిసరు తగ్గిందని అందంటే తాను మళ్లీ తొట్టిలోకి పోవాల్సిందే. సూపర్‌వైజరు ఎంత గింజుకున్నా ఆమె మాట మారదు. తొట్ల దగ్గరి ఆడవాళ్లు ఆమె కళ్లను నోటికొచ్చినట్టు తిట్టుకుంటూనే ఆ తానులు మోసుకుపోతారు.

ఆమె కూడా ఆ తొట్ల దగ్గర నుంచి వచ్చిన మనిషే. పెళ్లి కాకముందు నుంచీ మోచేతుల దాకా రంగునీళ్లలో ముంచి గుడ్డలు తిప్పింది. ఆ హాల్లో చర్మం సవ్యంగా ఉన్న మనిషి కనపడడు. వేళ్ల సందుల్లో పగుళ్లు, మణికట్ల మీద దద్దుర్లు, మెడ కింద పొట్టు. గ్లౌజులు ఇస్తారు, చిరిగాక మళ్లీ అడిగితే మొహం అదోలా పెడతారు. ఇంతా చేసి, అప్పుడప్పుడు కంపెనీ డాక్టరు వచ్చి అందరి చేతులూ చూస్తాడు. ఆ పరీక్ష కార్మికుల ఆరోగ్యం కోసమని గోడ మీద రాసి ఉంటుంది. చర్మం రేగిన మనిషికి అక్కడ వైద్యం చేసిన రోజు ఒక్కటీ లేదు. ఈ పనికి పనికిరావని గేటు బయటికి పంపడమే వాళ్ల వైద్యం.

అందుకని ఆడవాళ్లు తమ దారి తాము వెతుక్కున్నారు. పరీక్ష దగ్గర పడుతోందని తెలియగానే, మందుల కొట్లో ఎవరూ ఏమీ అడక్కుండా ఇచ్చే తెల్ల ట్యూబు ఒకటి బట్టలు మార్చుకునే గదిలో చేతులు మారుతుంది. ఘాటైన స్టెరాయిడ్ మందు. రాసుకున్నన్నాళ్లూ చేతులు పసిపిల్లల బుగ్గల్లా నిగనిగలాడతాయి. మానేస్తే రెట్టింపు కసితో రేగుతాయి. దీన్ని వాళ్లు పూత అంటారు. పూత పడ్డాక డాక్టరు ఏమడిగినా జవాబు ఒకటే: దురద లేదు, మంట లేదు, ఏ మందూ రాయలేదు. కొత్తగా చేరిన పిల్లకు పని కన్నా ముందు నేర్పేది ఈ జవాబే. నేర్పడంలో షేడక్కను మించినవాళ్లు లేరు.

ఎడమ రొమ్ము మొన మీద దురద మొదలైనప్పుడు ఆమె దాన్ని కూడా మిల్లు ఖాతాలోనే వేసింది. రంగుపొడి గాల్లో తేలుతూనే ఉంటుంది, చెమటతో లోపలికి దిగి ఉంటుంది అనుకుంది. ట్యూబు తీసి రాసింది. తగ్గింది. కొన్నాళ్లకు మళ్లీ పొట్టు లేచింది, మళ్లీ రాసింది. చలికాలం పోయింది, ఎండలు వచ్చాయి, వానలు పడ్డాయి. మొన కొద్దిగా లోపలికి అణిగినట్టు అనిపించింది. వయసు మీద పడుతోంది కదా అని సరిపెట్టుకుంది. లోపలి బాడీకి ఏదో అంటుకుంటుంటే పాత గుడ్డముక్క ఒకటి మడిచి కుట్టేసుకుంది. మొగుడికి చెప్పలేదు. చెప్పడానికి ఏముందనుకుంది.

ఆ గుడ్డముక్కను పట్టుకున్నది ఆడపడుచు. అదే మిల్లులో తానులు మడతపెట్టే పని ఆమెది. మొగుణ్ని వదిలేసి వచ్చి అన్నావదినల ఇంట్లోనే ఉంటోంది. నోరు కాస్త పదును. ఓ సెలవు రోజు ఉతికిన బట్టలు వరండాలో ఆరేస్తూ, వదిన బాడీ తిరగేసి చూసి, తడిచేత్తోనే వంటింట్లోకి వచ్చింది.

"వదినా, లోకంలో ఉన్న రంగులన్నిటికీ పేర్లు పెడతావు. ఈ మరక పేరేంటో చెప్పు."

షేడక్క చూడకుండానే, "తుప్పు" అంది.

"తుప్పా? నీ గుండెలకు ఇనపరేకు కొట్టించుకున్నావా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు ముందు ఆగింది ఆడపడుచుదే. చూపించమంది. షేడక్క ససేమిరా అంది. ఆడపడుచు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. చివరికి చూపించక తప్పలేదు. చూసినావిడ వేళాకోళం మానేసింది. పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ కూర్చునే రోజు ఏదో కనుక్కుని, ఆ రోజుకు ఇద్దరికీ సెలవు చెప్పింది.

ఆ రోజు వచ్చేలోపు షేడక్క ఏం చేసిందో తెలిస్తే ఎవరికైనా నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియదు. పొద్దునా సాయంత్రమూ స్నానాల గదిలో తలుపు గడియ వేసుకుని పూత పూసింది. డాక్టరు ముందుకు పుండుతో పోవడమనేది ఆమె బతుకులో ఎన్నడూ లేదు. బాగున్నాననిపించుకోవడానికే ఎవరైనా డాక్టరు దగ్గరికి వెళ్లేది. ఆమెకు తెలిసిన వైద్యపరీక్ష అదొక్కటే.

ఆసుపత్రిలో బల్లల మీద ఖాళీ లేదు. గోడకు ఆనుకుని నిలబడ్డారు. పిలుపు వచ్చాక షేడక్క ఒక్కతే తెర వెనక్కి వెళ్లింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, కళ్ల కింద అలసట ఉంది. ఎడమ పక్క చూసింది. మొన మీద కాస్త లేతగులాబీ, కాస్త పొడిదనం, అంతే. ఇక్కడ ఏమైనా రాస్తున్నారా అని అడిగింది.

"లేదమ్మా. ఏ మందూ రాయలేదు."

నోరు దానంతటదే పలికింది. దురద లేదు, మంట లేదు అని కూడా చెప్పేసింది. బయట ఇంకా బోలెడుమంది ఉన్నారు. డాక్టరమ్మ చేత్తో నొక్కి చూసి, గడ్డలేవీ తగలడం లేదంది. చర్మం పొడిబారినట్టుందని నూనెలాంటి లేపనం ఒకటి ఇచ్చి, మళ్లీ రేగితే మాత్రం ఆలస్యం చేయకుండా రమ్మంది. తెర తీసుకుని బయటికి వస్తున్న షేడక్క మొహం పరీక్ష గట్టెక్కిన పిల్ల మొహంలా ఉంది.

ఆ వెలుగు రెండు రోజులు కూడా నిలవలేదు. స్నానాల గదిలో అద్దం వెనక, చివరిదాకా చుట్టి పిండేసిన ట్యూబు ఆడపడుచు కంటపడింది. దాన్ని తెచ్చి వదిన ముందు పెట్టింది. గొంతు పెంచలేదు.

"నువ్వు వెళ్లింది డాక్టరు దగ్గరికా, సూపర్‌వైజరు దగ్గరికా?"

షేడక్క బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "పుండేసుకుని వెళ్లి ఒకళ్ల ముందు విప్పుకుని నిలబడమంటావా" అంది.

"విప్పుకున్నావుగా. అదేదో పుండుతోనే విప్పుకుంటే పోయేది కదా."

"తీసేస్తారేమోనే."

"ఏంటి, పనిలోంచా? రొమ్మా?"

"రెండూ" అంది షేడక్క. బియ్యంలో వేళ్లు ఆగిపోయాయి. ఇన్ని నెలలుగా తనకు తెలిసే దాచానని అప్పుడు గానీ ఆమెకు తెలియలేదు.

ఇక చేయాల్సింది ఒకటే ఉంది. పూత మానేయాలి. లోపల ఉన్నదేదో బయటికి రానివ్వాలి. వినడానికి తేలిక మాటే. ఒళ్లో నిప్పు పెట్టుకుని అది రాజుకునేదాకా కూర్చోమంటే ఎలా ఉంటుందో అలా ఉంది. మొదట ఏమీ కాలేదు, తగ్గిపోయిందేమోనన్న ఆశ పుట్టింది. తర్వాత దురద లేచింది. ఆ తర్వాత పొట్టు ఊడి, కింద పచ్చి ఎరుపు బయటపడింది. మొన మీది నుంచి చుట్టూ ఉన్న నల్లటి వలయం మీదికి కూడా పాకింది. కిటికీ దగ్గర రెండు గుడ్డముక్కలు పట్టుకుని నిలబడితే రంగుల మధ్య తేడా తెలియడం మానేసింది. ఓ రోజు ఆమె సరేనన్న తాను కొనేవాళ్ల దగ్గర నుంచి వెనక్కి వచ్చింది. అలా రావడం అదే మొదలు. సూపర్‌వైజరు ఆ ముక్కను ఆమె బల్ల మీద పడేసి, కళ్లకు కూడా వయసొచ్చినట్టుందే అని వెళ్లిపోయాడు.

సరిగ్గా అప్పుడే కంపెనీ డాక్టరు వస్తున్నాడన్న కబురు తెలిసింది. బట్టలు మార్చుకునే గదిలో కొత్త ట్యూబు తిరుగుతోంది. తొట్టి దగ్గరి మనిషి ఒకావిడ చనువుగా షేడక్క అరచేతిలో శనగగింజంత పిండి, నువ్వు మాకు నేర్పిన విద్యే కదక్కా అని నవ్వుతూ వెళ్లింది. అందరూ వెళ్లిపోయాక కూడా షేడక్క ఆ తెల్లటి చుక్కను చూస్తూ అక్కడే నిలబడింది. లోపల పుండు గుడ్డముక్కను తడిపేస్తోంది. చుట్టూ ఎవరూ లేరు. బొత్తాం మీదికి వెళ్లిన చెయ్యి అక్కడే ఆగింది. కాసేపటికి కుళాయి తిప్పి, అరచెయ్యి కడిగేసుకుంది. ముందెప్పుడూ అంత గట్టిగా రుద్ది కడుక్కోలేదు.

ఆ సాయంత్రమే మొగుడికి చెప్పింది. బస్సు డిపోలో టైర్లు విప్పే మనిషి అతను, మాటలు తక్కువ.

"రొమ్ము మీద పుండు లేచిందండీ. మానడం లేదు."

"నొప్పిగా ఉందా?"

"నొప్పి లేదు. అందుకే భయంగా ఉంది."

అతను లేచి వంటింట్లో బాగానే ఉన్న కుళాయిని విప్పి, మళ్లీ బిగించడం మొదలుపెట్టాడు. చాలాసేపు బిగించాడు. మర్నాడు పనికి వెళ్లకుండా చొక్కా మార్చుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. వదినా మరదళ్ల వెనకే ఆసుపత్రి దాకా వచ్చి, లోపలికి రావాలో వద్దో తెలియక మెట్ల మీద కూర్చుండిపోయాడు.

ఈసారి తెర వెనక ఆడపడుచు కూడా ఉంది. షేడక్క బట్ట విప్పకముందే, "పోయినసారి మీకు అబద్ధం చెప్పానమ్మా" అంది. పూత సంగతి, మిల్లు సంగతి, నోటికి అలవాటైన జవాబు సంగతి అన్నీ చెప్పింది. డాక్టరమ్మ కోప్పడలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుని, ముందు మొన మీద మొదలైందా చుట్టూ ఉన్న నలుపులో మొదలైందా అని అడిగింది. మొన మీదేనంది షేడక్క. రెండో పక్క ఎప్పుడైనా దురద పెట్టిందా? లేదు. డాక్టరమ్మ రెండు వైపులా పక్కపక్కన పోల్చి చాలాసేపు చూసింది.

"మామూలు గజ్జిలాంటిదైతే చాలామందికి రెండు పక్కలా వస్తుంది, మొనను వదిలేసి చుట్టూ పాకుతుంది. ఇది అలా లేదు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఆ ట్యూబు రాస్తే ఇది చల్లబడినట్టు కనపడుతుంది. కనపడుతుంది, అంతే. నేను కూడా ఆ రోజు ఇంకో మాట అడిగి ఉండాల్సింది."

మత్తు సూది చురుక్కుమంది. తర్వాత మిరియపు గింజంత ముక్కను గుండ్రటి కత్తితో తీయడం ఆమెకు తెలియలేదు. ఆ ముక్క పడిన చిన్న సీసాను మాత్రం తల తిప్పి చూసింది. ఇన్నేళ్లు తాను ముక్కలు చూసి తీర్పు చెప్పింది. ఇప్పుడు తన ముక్కను ఇంకెవరో చూస్తారు.

ఫలితం వచ్చేదాకా ఆ ఇంట్లో ముగ్గురూ ఒకళ్ల కళ్లలోకి ఒకళ్లు చూసుకోలేదు. మొగుడు టీ పెట్టడం నేర్చుకున్నాడు, అదీ పంచదార వేయడం మర్చిపోయి. ఆడపడుచు అది తాగి, మా అన్న చేతి టీ తాగినవాళ్లకు వేరే రోగాలేవీ దగ్గరికి రావంది. ఎవరూ నవ్వలేదు.

డాక్టరమ్మ ఈసారి ముగ్గుర్నీ కూర్చోబెట్టి చెప్పింది. దాని పేరు పాజెట్ వ్యాధి. రొమ్ము కేన్సర్లలో అరుదైన రకం. పైకి చర్మరోగంలా కనపడుతుంది కాబట్టి చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఎక్కువమందిలో దీని వేరు లోపలే ఉంటుంది. పాలు వచ్చే సన్నటి గొట్టాల్లో పుట్టిన చెడ్డ కణాలు ఆ గొట్టాల వెంట పైకి వచ్చి మొన చర్మంలో చేరతాయి. అవి గొట్టం లోపలే ఉన్నంతవరకు చాలా మంచిది. గోడ దాటి బయటికి వచ్చాయంటే చంకలోని గ్రంథుల్లోకి, అక్కడి నుంచి ఒంట్లోకి పోయే దారి దొరికినట్టే.

"దాటిందా?" అని అడిగింది షేడక్క.

"ఇప్పుడే చెప్పలేను."

"మిల్లు రంగు వల్లే వచ్చిందా అమ్మా?"

"రంగు వల్ల వచ్చిందని నేను చెప్పలేను. ఆలస్యం మాత్రం మీ మిల్లు వల్లే అయింది. ఆ మాట ఎక్కడైనా చెబుతాను."

మామోగ్రామ్ తీశారు. అందులో ఏమీ కనపడలేదు. మొగుడు మెట్ల మీద నుంచి లేచి నిలబడ్డాడు, ఇక ఇంటికి పోవచ్చనుకున్నాడు. ఆ జబ్బులో మామోగ్రామ్ బాగుందన్నంత మాత్రాన నమ్మకూడదని, ఎమ్మారై కూడా తీయాలని డాక్టరమ్మ పట్టుబట్టింది. షేడక్క గొట్టంలాంటి ఆ యంత్రంలో బోర్లా పడుకుని, చెవుల్లో సుత్తులు పడుతున్నట్టు మోగుతుంటే, తనకు తెలిసిన ఎరుపుల పేర్లన్నీ వరసగా చెప్పుకుంది. ఎమ్మారైలో మొన కింద ఒక నీడ, దానికి దూరంగా రొమ్ములో ఇంకో వైపు మరో నీడ కనపడ్డాయి. ఆ రెండో చోట కూడా సూదితో ముక్క తీశారు. అక్కడా అదే.

ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు నిదానస్తుడు. జబ్బు మొన కిందే ఉంటే ఆ మధ్యభాగం వరకు తీసి, మిగతాదానికి రేడియేషన్ ఇచ్చి రొమ్మును నిలబెట్టవచ్చన్నాడు. కొంతమందికి అదే చేస్తామన్నాడు. ఈమెకు రెండు చోట్ల, అదీ దూరం దూరంగా ఉంది కాబట్టి మొత్తం తీయడమే క్షేమమన్నాడు. చంకలో ముందుగా జబ్బు చేరే గ్రంథులు ఒకటి రెండు తీసి చూస్తామన్నాడు. బాగా ఆలోచించుకుని చెప్పమన్నాడు.

ఆమె ఆలోచించుకోలేదంటే అబద్ధం. అద్దం ముందు నిలబడింది. ఇద్దరు పిల్లలకు పాలిచ్చిన రొమ్ము. ఆ పిల్లలు పెళ్లిళ్లు చేసుకుని తమ తమ కాపురాల్లో ఉన్నారు. పిల్లలకు ఫోన్ చేసి ఏమని చెప్పాలో తెలియక ఆడపడుచు చేత చెప్పించింది. మొగుడి వంక చూడకుండా, మొత్తం తీసేస్తారటండీ అంది. అతను, "నువ్వు ఉంటావు కదా" అన్నాడు.

ఆమె ఆసుపత్రిలో ఉన్న రోజుల్లోనే ఆడపడుచు మిల్లులో నోరు విప్పింది. భోజనాల వేళ బల్ల ఎక్కినంత పని చేసి, వదిన పుండు సంగతి, పూత దాన్ని ఎంతకాలం కప్పిపెట్టిందో అన్నీ చెప్పింది. కొందరు డబ్బాలు మూసుకుని లేచిపోయారు. మా చేతుల సంగతి మాకు తెలుసులే అన్నారు ఇంకొందరు. షేడక్క అరచేతిలో మందు పిండినావిడ మాత్రం ఏ పక్క అని అడిగింది. మిల్లు మారిందని రాస్తే అది అబద్ధమే అవుతుంది. పుండు కనపడితే పని పోతుందన్న భయం ఉన్నన్నాళ్లు మనుషులు పుండ్లు దాచుకుంటూనే ఉంటారు. వాళ్లను తెలివితక్కువవాళ్లనడం సులువు. ఆ భయాన్ని పెట్టినవాళ్లను ఎవరూ ఆ మాట అనరు.

ఆపరేషన్ అయింది. ఛాతీకి కట్టు, పక్కన నెత్తుటి నీళ్లు దిగే గొట్టం, చెయ్యి పైకెత్తితే లాగే నొప్పి. తీసిన దాన్నంతా కోసి పరీక్షిస్తున్నారు. దాటిందా లేదా అన్న ఆ ఒక్క ముక్క కోసం మళ్లీ ఎదురుచూపు. పెద్ద డాక్టరు గదిలోకి వస్తూనే తలుపు దగ్గరగా వేసినప్పుడు ఆడపడుచు వదిన పాదం పట్టుకుంది.

"దాదాపు అంతా గొట్టాల్లోనే ఉంది. ఒక్క చోట గోడ దాటింది, చాలా చిన్నది. చంకలో తీసిన గ్రంథుల్లో ఏమీ లేదు."

"అంటే?" అన్నాడు మొగుడు.

అంటే దాటింది, ఎక్కువ దూరం పోలేదు. దానికి సరిపడే మందులు ఉన్నాయి, కొన్నాళ్లు వాడాలి, ఆ తర్వాత కూడా వచ్చి చూపించుకుంటూ ఉండాలి. ఇంకొన్నాళ్లు ఆగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. షేడక్క ఆ మాటలు మళ్లీ మొదటి నుంచి చెప్పించుకుంది. అప్పటికి గానీ ఏడవలేదు.

మందుల మధ్యలో, కుట్లు మానాక, చర్మం డాక్టరమ్మ ఓసారి రమ్మంది. అదే తెర, అదే బల్ల. డాక్టరమ్మ ఎడమ పక్క మచ్చ పొడుగునా వేలితో తడిమి, చంక కింద నొక్కి, చక్కగా మానిందంది. చేతులు తుడుచుకుంటూ ఇక బట్ట వేసుకోవచ్చని లేచింది. షేడక్క వేసుకోలేదు. బల్ల అంచు పట్టుకుని అలాగే కూర్చుంది.

"ఈ పక్క కూడా చూడండమ్మా. ఇక్కడ కాస్త గరుకుగా ఉంది. ఏమీ రాయలేదు. నీళ్లు తప్ప ఏమీ తగలనివ్వలేదు."

డాక్టరమ్మ దీపం దగ్గరికి లాక్కుని, మళ్లీ కుర్చీలో కూర్చుంది. గరుకుదనం మొన మీద లేదు, బాడీ అంచు ఒరుసుకునే చోట ఉంది. రాపిడిలాగే ఉంది, అయినా చూస్తానంది డాక్టరమ్మ. తెర అవతల ఎవరిదో నంబరు పిలుస్తున్నారు. షేడక్క గోడ వంక కాకుండా డాక్టరమ్మ వేళ్ల వంకే చూస్తూ, "తొందరేం లేదమ్మా. బాగా చూడండి" అంది.